ఉన్నత పాఠశాలలలో తెలుగు పఠనము: మూడు రీతులు, ఒక విమర్శ

పఠనబోధనమును గూర్చి ఉపాధ్యాయశిక్షణ గ్రంథములలో మూడు మాటలు తరచుగా వినవచ్చుచున్నవి. స్కిమ్మింగు, స్కానింగు, క్లోజ్ రీడింగు అనునవి ఆ మూడును. గ్రంథమును పైపైన చూచి దాని సారమును గ్రహించుట మొదటిది. ఒక పేరో, ఒక సంవత్సరమో, ఒక పదమో కావలసి, పుటలపై కన్ను పరుగెత్తించి, దానిని మాత్రము పట్టుకొనుట రెండవది. వాక్యమునకు వాక్యము నిలిచి, చెప్పినదానిని, చెప్పిన తీరును విచారించుచు చదువుట మూడవది. మేమీ వ్యాసమున వీనిని క్రమముగా స్థూలపఠనము, అన్వేషణపఠనము, సూక్ష్మపఠనము అని వ్యవహరింతుము. బోధనపద్ధతుల పుస్తకములలో క్షుణ్ణపఠనము, విస్తారపఠనము అను మాటలు చాలకాలముగా కలవు. కాని క్షుణ్ణపఠనమనగా ఉపాధ్యాయుడు పాఠమును సాంతముగా వివరించుట అను అర్థము వాడుకలో స్థిరపడిపోయినది. విద్యార్థి తాను చేయు పనికి వేరు మాట ఉండుట మేలని తలచితిమి.

ఈ ఇంగ్లీషు మాటల చరిత్ర కొంత వినోదకరము. స్కిమ్ అనగా పాలపై మీగడ తీయుట. మీగడయందు మనవారికి గల ప్రీతిని బట్టి ఈ మాట తెలుగువారికి నచ్చదగినదే. కాని పైకి తేలినదెల్ల మీగడ కాదని గ్రంథములు చదువువారెరుగుదురు. స్కాన్ అను మాట మరింత విచిత్రమైనది. లాటిను భాషలో ఎక్కుట అను అర్థము గల ధాతువు నుండి వచ్చి, ఇంగ్లీషున అది మొదట పద్యపాదమును గణములుగా విడదీయుటకు వాడబడినది. పిదప నిశితముగా పరీక్షించుట అను అర్థమును, ఇటీవలి కాలమున త్వరత్వరగా చూచుట అను అర్థమును పొందినది. మొదటి అర్థమున మన విద్యార్థులందరు స్కానింగు నేర్చినవారే. గురులఘువులు గుర్తించి, గణములు విడదీసి, యతిస్థానము చూపి మార్కులు తెచ్చుకొనుచున్నారు. కడపటి అర్థముననే వారికి లోటు.

మా అభిప్రాయమును ముందే చెప్పుదుము. మన ఉన్నత పాఠశాలలలో తెలుగు పాఠములు బోధింపబడుచున్నవి. తెలుగు చదువుట బోధింపబడుట లేదు. పై మూడు రీతులలో మొదటి రెండును తరగతిలోనికి ఇంచుమించు అడుగు పెట్టలేదు. మూడవది కలదని అందరును నమ్ముచున్నారు. ఆ నమ్మకమును ముందుగా పరీక్షింపవలసి యున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు తరగతిలో కూర్చుండి పాఠము వినుటకు మాకు అవకాశము కలిగినది. ఆ దినపు పాఠ్యము భాగవతములోని గజేంద్రమోక్షఘట్టము. మొసలి పట్టు వీడక, బలము క్షీణించిన గజరాజు తన్ను కాపాడువాడెవడని తలపోయు సందర్భములోని ప్రసిద్ధ పద్యము నల్లబల్లపై వ్రాయబడి యున్నది. ఉపాధ్యాయుడు శ్రావ్యముగా చదివెను. పిల్లలు అనుసరించి చదివిరి. తరువాత ఆయన పదములు విడదీసి, ఒక్కొక్క పదమునకు ఎదురుగా అర్థము వ్రాసెను. పిల్లలు నోటుపుస్తకములలో ఎక్కించుకొనిరి. పిదప తాత్పర్యము చెప్పబడినది, అదియు వ్రాసికొనబడినది. గంట కొట్టుటకు అయిదు నిమిషములు మిగిలినవి. ఉపాధ్యాయుని అనుమతితో మేమొక ప్రశ్న అడిగితిమి. దీనులయందు, యోగులయందు, దిక్కులన్నిటియందు భగవంతుడు కలడను మాట ఈ పద్యమున ఎవరిది?

ముందు వరుసలోని బాలుడు లేచి తాత్పర్యమంతయు తప్పులేకుండ అప్పగించెను. ప్రశ్న మరల అడిగితిమి. అతడు నోటుపుస్తకము తిరుగవేసెను. అందా సమాధానము లేదు. మరి ఇద్దరు గజేంద్రునిదే అనిరి. వెనుక బల్లపై కూర్చున్న ఒక బాలిక, లేవకయే, "ఉన్నాడనేది వేరేవాళ్లండి. ఏనుక్కి తెలీదు, అందుకే అడుగుతోంది" అని మెల్లగా అన్నది. తరగతి నవ్వినది. ఆ బాలిక తల దించుకొన్నది.

ఆ బాలిక చేసినదే సూక్ష్మపఠనము. ఆ పద్యమున కలడనుట ఎన్నిసార్లు వచ్చినను, దానికి తోడుగా ఇతరులు అట్లు అందురను క్రియ కూడ వచ్చుచున్నది. ఏనుగు తాను కలడని పలుకుట లేదు. కలడని పలుకువారిని పేర్కొనుచున్నది. అందుచేతనే కడపట, అట్లు చెప్పబడువాడు నిజముగా కలడా లేడా అను సందేహము హఠాత్తుగా ఊడిపడినట్లుండదు. ఆ సందేహము మొదటి పాదము నుండియే ఆ చిన్న క్రియలో దాగి యున్నది. నల్లబల్లపై ఆ క్రియకు ఎదురుగా సరియైన అర్థమే వ్రాయబడి యున్నది, తప్పులేదు. కాని అర్థము వ్రాయబడినంతనే ఆ పదముతో పని తీరిపోయినది. ఒక పదము అర్థమేమి అని అడుగుట వేరు, ఆ పదము అక్కడ ఏల ఉన్నది అని అడుగుట వేరు. మన తరగతులలో మొదటి ప్రశ్న ఉపాధ్యాయునిచే అడుగబడి, ఉపాధ్యాయునిచేతనే సమాధానము చెప్పబడుచున్నది. రెండవ ప్రశ్న పుట్టుటయే లేదు.

ఇంతమాత్రముచే ప్రతిపదార్థ పద్ధతియే దుష్టమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పి దానిని త్రోసివేయువారు నేడు పెక్కురు కలరు; వారితో మాకు ఏకీభావము లేదు. ప్రతిపదార్థము మన వ్యాఖ్యాన సంప్రదాయమున చివర మిగిలిన తునక. ఆ సంప్రదాయమునకు శిరోభూషణమైన కోలాచల మల్లినాథసూరి మెదకు ప్రాంతపువాడు. పంచమహాకావ్యములకును, మేఘసందేశమునకును ఆయన వ్రాసిన వ్యాఖ్యలు చూచినవారికి, అర్థకథనము ఆ కృషిలో ఎంత చిన్న భాగమో తెలియును. పదముల అన్వయము కూర్చుట, రూపమును వ్యాకరణముచే సాధించుట, అర్థమునకు నిఘంటువును సాక్ష్యముగా తెచ్చుట, అలంకారమును నిర్ణయించుట, ఇవి అన్నియు కలిసి వ్యాఖ్య. అన్వయము కూర్చుటకు మన పెద్దలు రెండు మార్గములు ఏర్పరచిరి. దండాన్వయమున పద్యములోని పదములన్నిటిని వచనక్రమమున వరుసగా నిలుపుదురు. ఖండాన్వయమున ముందు క్రియను పట్టుకొని, ఎవడు, దేనిని, ఎట్టిదానిని, ఎందుచేత అని ఆకాంక్షను బట్టి ప్రశ్నించుచు, ఒక్కొక్క పదమును దాని చోటికి తెత్తురు. వాక్యార్థబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కారణములని శాస్త్రకారులు చెప్పిన దానిని ఖండాన్వయము తరగతి గదిలో ఆచరణమున పెట్టుచున్నది. ఇది ప్రశ్నల పద్ధతి. ఈ ప్రశ్నలు అడుగుట విద్యార్థికి నేర్పినచో, పద్యమేదియైనను అతడే విప్పుకొనగలడు.

వచ్చిన చిక్కు ఏమనగా, అన్వయము పోయి ప్రతిపదార్థము మిగిలినది. ప్రశ్నలు పోయి సమాధానములు మిగిలినవి. పరీక్షలో ఫలానా పద్యములకు మాత్రమే ప్రతిపదార్థము అడుగుదురని ముందే తెలియుటచే, గైడు చేసిన పనిని విద్యార్థి కంఠస్థము చేయుట సులభోపాయమైనది. అచ్చమైన సూక్ష్మపఠనముగా బయటికి కనబడునది లోపల స్మృతిపరీక్షయై కూర్చున్నది. పదివందల మార్కుల పట్టికలో తెలుగున అత్యున్నత స్థానము పొందిన విద్యార్థి, తానెన్నడును చూడని సులభ పద్యమునకు క్రియ ఏదో చెప్పజాలక తికమకపడుట మేము మా తరగతులలో ప్రతి సంవత్సరము చూచుచున్నాము.

ఈ దుస్థితి తెలుగువారికే ప్రత్యేకమని తలపరాదు. 1929లో ఐ. ఏ. రిచర్డ్సు ప్రకటించిన ప్రాక్టికల్ క్రిటిసిజం అను గ్రంథము ఇట్టి పరీక్ష నుండియే పుట్టినది. ఆయన కేంబ్రిడ్జి విద్యార్థులకు కవుల పేర్లు చెప్పక పద్యములనిచ్చి, తమకు తోచినది వ్రాయుమని కోరెను. వచ్చిన వ్రాతలను పరిశీలింపగా, రసజ్ఞత మాట అటుండగా, పద్యము యొక్క వాచ్యార్థమునే గ్రహింపలేనివారు పెక్కుమంది అని తేలినది. గొప్ప విద్యాపీఠమున, మాతృభాషలో చదివినవారి స్థితి అది. కవి పేరు తీసివేసిన వెంటనే పాఠకుని నిజమైన బలము బయటపడునని ఆ ప్రయోగము తెలిపినది. మన పాఠశాలలో కవిపరిచయముతో పాఠము ఆరంభించుట నియమము. కవి బిరుదములు, కాలము, రచనలు, శైలి అన్నియు విన్న పిమ్మట పద్యము చదువు విద్యార్థికి ఆ పద్యమును మెచ్చుకొనుట తప్ప వేరు దారి లేదు.

ఇక ఉపవాచకము. ఇంగ్లీషు బోధనమున డిటెయిల్డ్, నాన్-డిటెయిల్డ్ అను విభాగము మన పాఠశాలలలో నెలకొని, పిదప తెలుగునకును ప్రాకినది. ఢాకాలో పనిచేసి, 1926లో బెంగాలు విద్యార్థుల ద్విభాషాస్థితిని గూర్చి గ్రంథము వ్రాసిన మైకేల్ వెస్టు, ఇంగ్లీషు నేర్చు భారతీయ బాలునికి మాటలాడుట కంటె చదువుట ముందు కావలెనని వాదించినవాడు. తెలిసిన మాటలతో వ్రాసిన పుస్తకములను ఎక్కువగా చదివించుట ఆయన మార్గము. అదే విధముగా తెలుగు ఉపవాచకము కూడ విద్యార్థి తనంతట తాను, వేగముగా, ఇష్టముతో చదువుకొనుటకు ఉద్దేశింపబడినది. దీనికే కొందరు ద్రుతపఠనమని పేరు పెట్టిరి. వ్యాకరణము చదువు పిల్లలకు ద్రుతమనగా నకారమే కావున, ద్రుతపఠనమనగా నకారము చదువుటయా అని ఒక చిలిపి విద్యార్థి అడిగినట్లు మా మిత్రులొకరు చెప్పుదురు.

తెలుగు రాష్ట్రములు రెండింటను 2014 నుండి పదవ తరగతికి రామాయణకథ ఉపవాచకముగా ఉంచబడినది. కథ ఎరిగినదే, భాష సులభము, స్థూలపఠనమునకు ఇంతకంటె అనువైన గ్రంథము దొరకదు. కాని జరుగుచున్నదేమి? ఉపవాచకమును కూడ ఉపాధ్యాయుడు చదివి చెప్పుచున్నాడు. కాండమునకు ఇన్ని ప్రశ్నలని ఏర్పరచి జవాబులు వ్రాయించుచున్నాడు. సంఘటనల వాక్యములు తారుమారుగా ఇచ్చి వరుసలో అమర్చుమను ప్రశ్నను ప్రశ్నపత్రములలో చూచితిమి. ప్రశ్న మంచిదే; కథాగమనమును పట్టుకొన్నవానికి అది చిటికెలో తేలును. ఐనను దానికి గూడ అమర్చిన జవాబుల జాబితాలు సిద్ధమై, వానిని వల్లించుట మొదలైనది. వేగముగా చదువవలసినది మెల్లగా వినబడుచున్నది. మెల్లగా చదువవలసిన పద్యము వేగముగా వల్లింపబడుచున్నది. మన తెలుగు తరగతి స్థితి ఇంతకంటె క్లుప్తముగా చెప్పుటకు మాకు చేతకాదు.

స్థూలపఠనమును నేర్పవలెనని సంకల్పించిన ఉపాధ్యాయునికి మరియొక ఇబ్బంది ఎదురగును. శిక్షణ గ్రంథములలోని ఉపాయములు ఇంగ్లీషు వచనమును చూచి ఏర్పరచినవి. పేరాలోని మొదటి వాక్యము చదువుము, అందు విషయమంతయు ఉండును అని అవి చెప్పును. ఇంగ్లీషు వాక్యమున కర్త, క్రియ ముందుగా వచ్చును కావున కన్ను ఎడమవైపు అంచున దిగుచు పోయినను కొంత సారము చిక్కును. తెలుగు వాక్యమునకు ప్రాణము చివరనున్నది. ఈ వాక్యమును చూడుడు: తుంగభద్రకు వరద వచ్చినదని విని, పొలములు మునుగునేమో అని భయపడి, ఊరివారందరు గట్టుమీదికి పరుగెత్తి చూడగా, నీరు గట్టును తాకనైన లేదు. ఎడమవైపు మాత్రము చూచి పోవువాడు ఊరు మునిగినదనుకొని పుట తిప్పును. క్త్వార్థకములు ఎన్ని వచ్చినను అవి సమాపక క్రియకు బాటలు మాత్రమే. వ్యతిరేకార్థము, సందేహము, ఇతరుల మాట అను సూచన, ఇవి అన్నియు వాక్యాంతముననే తేలును. కావున తెలుగున స్థూలపఠనము చేయువాడు వాక్యపు తోకను పట్టుకొనవలెను. పేరాలో ప్రతి వాక్యపు సమాపక క్రియను మాత్రము చూచుచు పొమ్మని చెప్పి, తరువాత ఏమి తెలిసినదని అడిగినచో విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. మేమీ అభ్యాసమును మా డిగ్రీ విద్యార్థులచే చేయించితిమి. కథలకు ఇది చక్కగా ఉపకరించినది, వర్ణనలకు ఉపకరింపలేదు. వర్ణనలో క్రియలు అల్పములు, విశేషణములు ఘనములు కదా.

పేరా నిర్మాణము విషయమునను ఇట్టి భేదమే కలదు. వార్తాపత్రికలో శీర్షికయు, మొదటి పేరాయు సారమును చెప్పివేయును, మిగిలినది వివరము. కాని పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి సాక్షి వ్యాసములను ఈ దృష్టితో చదువ పూనినవాడు చెడిపోవును. జంఘాలశాస్త్రి ఉపన్యాసము ఎక్కడనో ఎత్తుకొని, ఎక్కడెక్కడనో తిరిగి, ఎదుటివారిని నవ్వించి, తిట్టి, అసలు దెబ్బను వినువాడు ఏమరియున్నప్పుడు కొట్టును. అట్టి రచనయందు మొదటి వాక్యము వాకిలి కూడ కాదు. కనుక స్థూలపఠనము ఒకే యుక్తి అని బోధింపరాదు. చేతిలోనున్న రచన వార్తయా, కథయా, ఉపన్యాసమా, శాస్త్రవ్యాసమా అని గుర్తించుటయే దానిలో మొదటి మెట్టు.

గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మన మీమాంసకులు, వేదాంతులు ఆరు లింగములను చెప్పిరి: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. మొదలు తుద పోల్చి చూచుట, మరల మరల వచ్చుదానిని గుర్తించుట, కొత్తగా చెప్పినదేదో పట్టుకొనుట, స్తుతి నిందలను అసలు విషయము నుండి వేరు చేయుట, ఇవి అన్నియు నేటి స్థూలపఠన సూత్రములకు సన్నిహితములు. దీనిని చూపి స్కిమ్మింగు మన పూర్వులకు ముందే తెలియునని ఎలుగెత్తుట మాకు ఇష్టము కాదు. వారు గ్రంథమంతయు గురుముఖమున విన్న పిమ్మట, వివాదము వచ్చినచోట తీర్పు చెప్పుటకు ఈ లింగములను ఉపయోగించిరి; కాలము కలిసి వచ్చుటకు కాదు. కాని ఈ ఆరింటిలో మొదటి మూడును పదునాలుగేండ్ల బాలునికి బోధపడునవే. అన్యభాషా గ్రంథములోని ఉపాయములను సగము అర్థమైనట్లు అనువదించి చెప్పుటకంటె, ఇవి ఉపాధ్యాయునికి సుపరిచితములు. మొదలు ఏమి, తుద ఏమి, మాటిమాటికి వచ్చుచున్నదేమి, ఇంతకుముందు నీకు తెలియనిదేమి అను నాలుగు ప్రశ్నలు చాలును.

అన్వేషణపఠనము చాల తేలికయని చాలమంది అభిప్రాయము. కావలసిన మాటను వెదకుటకు విద్య ఎందులకని అందురు. తెలుగున అది అంత తేలిక కాదు. ఇంగ్లీషు పుటలో వ్యక్తుల పేర్లు, ఊళ్ల పేర్లు పెద్ద అక్షరములతో తలయెత్తి కనబడును. తెలుగు లిపిలో అట్టి భేదము లేదు. రాజు అను మాట సామాన్యనామమో, ఒకాయన పేరో కంటికి తెలియదు. విభక్తులు పదమునకు అతుకుకొని దాని చివరను మార్చివేయును. ఇవి అట్లుండగా, సంధి పదము యొక్క మొదటి అక్షరమునే మార్చుచున్నది. కూరగాయలలో కాయలును, తల్లిదండ్రులలో తండ్రులును, కాలుసేతులలో చేతులును వెదకువానికి గసడదవాదేశము తెలియవలెను. ద్రుతము మీది పరుషములు సరళములగునని ఎరుగని విద్యార్థి, పద్యమున గాంచి అని చూచి, నిఘంటువున గకారము క్రింద వెదకి, లేదని మూసివేయును. అది కకారమున కాంచు అని ఉండును. చిన్నయసూరి బాలవ్యాకరణ సంధిసూత్రములు 1858 నుండి మనకు కలవు. వానిని పరీక్షకు వల్లించు విద్యార్థి, అవి ఒక మాటను వెదకుటకు పనికివచ్చునని కలలోనైనను తలపడు. మా దృష్టిలో వ్యాకరణము ఉన్నత పాఠశాలలో నిలుచుటకు ఇంతకంటె బలమైన కారణము లేదు.

బ్రౌను నిఘంటువు 1852లోను, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లోను వెలువడినవి. ఎన్ని పాఠశాలలలో ఇవి బీరువా నుండి బల్లమీదికి వచ్చుచున్నవో పాఠకులే చెప్పవలెను. నిఘంటువు చూచుట ఒక అభ్యాసము. ఒసగి అను రూపమును ఒసగు అను ధాతువుగా మార్చుకొనుట, పూర్ణబిందువు గల మాటలను ఏ వరుసలో ఉంచిరో పీఠిక చూచి తెలిసికొనుట, ఇచ్చిన నాలుగైదు అర్థములలో సందర్భమునకు తగినదానిని ఎన్నుకొనుట, ఇంత పని అందున్నది. మొదటి రెండును అన్వేషణము, మూడవది సూక్ష్మపఠనము. ఒకే పనిలో రెండు రీతులును కలిసిరావడము గమనింపదగినది. ఎం.ఏ. తరగతిలో చేరిన విద్యార్థులకు ఒక పర్యాయము అచ్చుపడిన భాగవతమునిచ్చి, ఒక పద్యము మొదటి మాట చెప్పి వెదకుమంటిమి. నలుగురు మొదటి స్కంధము మొదటి పుట నుండి తిప్పనారంభించిరి. పుస్తకము చివర పద్యముల అకారాది సూచిక యున్నదని ఎవరును చూడలేదు. వారిని తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. పది పన్నెండు సంవత్సరములు వారు చదివిన పుస్తకములలో సూచిక చూడవలసిన అవసరము ఒక్కసారియు కలిగింపబడలేదు.

నేడు అంతర్జాలమున నిఘంటువులును, కావ్యములును లభించుచున్నవి గదా, యంత్రమే వెదకి పెట్టును గదా అని ఆక్షేపింపవచ్చును. యంత్రము ఇచ్చిన అక్షరములనే వెదకును. కాంచి అని అడిగినచో గాంచి అనునది దానికి తగులకపోవచ్చును. రూపభేదములను ఊహించి అడుగుట చదువరి పని. కాబట్టి యంత్రము వచ్చిన పిమ్మట సంధిజ్ఞానము అవసరము తగ్గలేదు సరికదా, పెరిగినదని మా అనుభవము. మరియొక మాట. పుటలు తిప్పి వెదకువాడు తోవలో వేరు పదములను, వేరు పద్యములను చూచుచు పోవును. మేము నేర్చినదానిలో కొంత, వేరొకదానిని వెదకుచున్నప్పుడు కంటబడినదే.

మూడు రీతులలో ఏది ముందు అను ప్రశ్న మిగిలియున్నది. ఎఫ్. పి. రాబిన్సను 1946లో ఇఫెక్టివ్ స్టడీ అను గ్రంథమున ముందు పైపైన చూడుము, ప్రశ్నలు వేసికొనుము, చదువుము, చెప్పుకొనుము, మరల చూడుము అని అయిదు మెట్లు చెప్పెను. స్థూలము ముందు, సూక్ష్మము తరువాత అను ఈ క్రమము శాస్త్రవచనమునకు సరిపోవును. కవిత్వమునకు సరిపోవునని మేము నమ్మము. పద్యమును ముందుగా పైపైన చూచి సారము గ్రహింపుమనుట, తాత్పర్యము ముందు చెప్పి పద్యము తరువాత చదువుట వంటిదే. పద్యమునకు ముందు చెవి కావలెను. రెండు మూడు పర్యాయములు గట్టిగా చదివిన పిమ్మట అన్వయము. అన్వయము పిమ్మట మాత్రమే నిఘంటువు. చరిత్ర, విజ్ఞానము, వార్తలు, కథలు చదువునప్పుడు స్థూలము నుండి సూక్ష్మమునకు పోవచ్చును. ఈ తారతమ్యము పాటింపక మూడు రీతులను మూడు గంటల పాఠములుగా కోసి ఒకే పాఠ్యమునకు అంటగట్టు పాఠపథకములను మేము చూచితిమి. అవి పాత ప్రతిపదార్థము కంటె మేలని చెప్పజాలము.

ఉపాధ్యాయులు మమ్ము అడుగు ప్రశ్న ఒకటి: దీనికి కాలమెక్కడిది? అరువది మంది ఉన్న తరగతిలో, నలుబది అయిదు నిమిషములలో, పాఠ్యాంశములు పూర్తి చేయవలసిన బరువుతో, ప్రతి విద్యార్థిచే అన్వయము చేయించుట సాధ్యమా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. దీనికి మేమిచ్చు సమాధానము పూర్తి సమాధానము కాదు. పది పద్యములకు తాను ప్రతిపదార్థము చెప్పు ఉపాధ్యాయుడు, ఆరింటికి చెప్పి నాలుగింటిని పిల్లలకు విడిచినచో చాలును. విడిచిన నాలుగింటికి నల్లబల్లపై అర్థములు వ్రాయరాదు. ఆకాంక్షాప్రశ్నలు మాత్రము వ్రాయవలెను. ఉపవాచకమును చదివి చెప్పుట మానివేసినచో మిగులు గంటలు కొన్ని కలవు. ఆ గంటలలో తరగతికి నాలుగు నిఘంటువులు, కొన్ని పాత దినపత్రికలు చాలును. పిల్లలు జట్లుగా వెదకుదురు. సందడి ఎక్కువగును. ప్రధానోపాధ్యాయులు ఆ సందడిని సహింపవలెను.

ఐనను పరీక్ష మారక ఇవి ఏవియు నిలువవు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకములలో అవగాహన, ప్రతిస్పందన అను శీర్షికయు, అపరిచిత గద్యమును చదివి జవాబులు వ్రాయుట అను అభ్యాసమును చేరుట మంచి మార్పు. ఆ పుస్తకములు కూర్చినవారిని మేము మనఃపూర్వకముగా అభినందింతుము. అపరిచిత గద్యము క్రింద అడుగు ప్రశ్నలు మాత్రము ఇంకను సరియైన దారికి రాలేదు. ప్రశ్నలోని మాటలే గద్యములోని వాక్యమునందు ఉండుటచే, విద్యార్థి ఆ వాక్యమును వెదకి, ఎత్తి వ్రాసిన చాలుచున్నది. ఇది అన్వేషణపఠనమునకు పరీక్షయే కాని, అవగాహనకు కాదు. పేరు ఒకటి, పరీక్షించునది వేరొకటి. అన్వేషణమునకు ప్రశ్నలు వేరుగా పెట్టుడు; అప్పుడు గద్యము నాలుగు వాక్యములది కాక నాలుగు పుటలది కావలెను, కాలము లెక్కింపబడవలెను. ఉపవాచకమునకు బదులు పరీక్ష దినమున ఎన్నడును చూడని కథ నొకదానిని అచ్చువేసి ఇచ్చి, ఇరువది నిమిషములలో చదివి తిరిగి ఇచ్చివేయుమని, తరువాత కథను పది వాక్యములలో వ్రాయుమనుడు. సూక్ష్మపఠనమునకు ఒక్క పద్యము చాలును. కవి పేరు ఉండరాదు, కఠినపదములకు అర్థములు అడుగుననే ఇవ్వవచ్చును. ప్రశ్న ఒక్కటే అడుగవలెను: ఈ పద్యమున ఫలానా పదము తీసివేసినచో ఏమి పోవును?

ఈ తీరు ప్రశ్నపత్రమును మేము మా విభాగములో ప్రవేశపరీక్ష ముగిసి చేరిన విద్యార్థులకు రెండు సంవత్సరములుగా, మార్కులు లేకుండ, ఇచ్చుచున్నాము. మొదటి దానికి, అనగా దీర్ఘగద్యమున వెదకుటకు, చాలమంది త్వరలో అలవాటుపడుచున్నారు. కథను పది వాక్యములలో వ్రాయుట అంతకంటె కష్టమగుచున్నది. పదునైదవ వాక్యమునకు కూడ కథ మధ్యముననే నిలుచువారు కలరు. మూడవ ప్రశ్నకు మొదటి సంవత్సరము వచ్చిన జవాబులలో సగమునకు పైగా, ఆ పదము తీసివేసినచో ఛందోభంగమగును అని ఉన్నవి. అది తప్పు జవాబు కాదు. దానికి ఎన్ని మార్కులు ఇయ్యవలెనో మేమింకను నిర్ణయించుకొనలేదు.